ఒకే ఇంటిపేరు, ఒకే పందిరి

మా పుట్టింటి ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరేదో ఇక్కడ రాయను. రాస్తే మావాళ్లు మళ్లీ పంచాయితీ పెడతారు. వాళ్లతో పంచాయితీ నాకు కొత్త కాదు గానీ, ఇప్పుడంత తీరిక లేదు.

గొడవ మొదలైంది మా తమ్ముడి కూతురి వల్ల. ఆ పిల్ల భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో స్టాఫ్ నర్సు. కాలిలో ముల్లు విరిగి ఒక ఫారెస్టు బీట్ ఆఫీసరు అక్కడికి వచ్చాడట. చీటీ మీద అతని ఇంటిపేరు చూసి, ఇది మాదే కదా అని ఈమె నవ్విందట. ముల్లు తీసేశాక, పుండు మానిపోయాక కూడా అతను కట్టు మార్పించుకోవడానికి వస్తూనే ఉన్నాడు. అబ్బాయి వాళ్లది ముదిగొండ దగ్గర పల్లె, మాది వేంసూరు వైపు. కులం ఒకటే. రెండు వైపులా వ్యవసాయమే. మా తమ్ముడు అన్నిటికీ తలూపి ఇంటిపేరు దగ్గర ఆగిపోయాడు. ఇంటిపేరు కలిస్తే వరసకు అన్నాచెల్లెళ్లు అవుతారు, ఇక మాట్లాడేదేమీ లేదన్నాడు.

మావాళ్లలో గోత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. పెళ్లిలో పంతులు అడిగితే ఎవరో ఒకరు తోచింది చెబుతారు, ఆయన అదే చదువుతాడు. అన్నిటికీ ఇంటిపేరే లెక్క. అది కలిస్తే, ఏడు తరాలుగా ఒకరి గడప ఒకరు తొక్కకపోయినా తోబుట్టువులే.

పిల్ల కొత్తగూడెంలో నా ఇంటికి వచ్చి కూర్చుంది. నేను అడవి అంచు బళ్లలో సోషల్ చెప్పి రిటైరైన మనిషిని, ఒక్కదాన్నే ఉంటాను. లేచిపోతుందేమోనని నేను భయపడుతుంటే తను తేల్చి చెప్పింది: "అత్తా, నాన్న వచ్చి కాళ్లు కడిగితేనే నాకు పెళ్లి. రాకపోతే నాకు పెళ్లే వద్దు. ఇంకొకర్ని మాత్రం చేసుకోను." తండ్రి అంటే దానికి ప్రాణం. ఆ సంగతి ఆ తండ్రికీ తెలుసు, అందుకే అంత ధీమా. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను సోషల్ టీచర్ని కదా, నా బుర్ర మ్యాపుల వైపు పోయింది. ఒకే పేరుతో ఎన్ని ఊళ్లు ఉండవు? కొత్తపల్లులు, రామాపురాలు జిల్లాకు డజను ఉంటాయి. మా పూర్వీకులు ఒక ఊరి నుంచి, అబ్బాయి పూర్వీకులు అదే పేరున్న మరో ఊరి నుంచి వచ్చి ఉంటే చాలు, మా తమ్ముడి నోరు మూయించవచ్చు. మ్యాపులో ఆ పేరున్న ఊరు కోస్తాలో ఒకటి కనిపిస్తే, పిల్లను వెంటబెట్టుకుని అక్కడికి బస్సెక్కాను.

అంతవరకు మా ఇంట్లో ఎవరూ ఆ ఊరు చూసిన పాపాన పోలేదు. చెరువు గట్టు పక్కనే టీ బంకు ఉంటే అక్కడ ఆగి, ఫలానా ఇంటిపేరు వాళ్ల ఇళ్లెక్కడని అడిగాను. బంకు ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆ ఇంటిపేరు వాళ్లు ఈ ఊళ్లో ఒక్క గడప కూడా లేరన్నాడు. బెంచీ మీద కూర్చున్న వాళ్లు మాటల్లోకి దిగారు. పూర్వం ఇక్కడ పొలాలు చాలక జనం తెలంగాణ వైపు వెళ్లిపోయారట. కొందరు సత్తుపల్లి, వేంసూరు వైపు, కొందరు ముదిగొండ వైపు. అన్ని కులాల వాళ్లూ వెళ్లారట, ఒకరికొకరు చుట్టాలు కూడా కాదట. నేను వెతుకుతున్న రెండో ఊరు ఎక్కడా లేదు. రెండు కుటుంబాలదీ ఇదే ఊరు. పిల్ల టీ గ్లాసు ముట్టుకోలేదు.

తిరుగు బస్సెక్కాం. తమ్ముడిదే గెలుపనుకున్నాను. సత్తుపల్లి దగ్గరికొస్తుంటే కొత్తగూడెంలో మా వీధి గుర్తొచ్చింది. మా ఇంటి ఎదురుగా ఒక కుటుంబాన్ని అందరూ మధిరోళ్లు అంటారు. వాళ్లు మధిర నుంచి వచ్చారు కాబట్టి ఆ పేరు. మధిరలో ఉన్నప్పుడు వాళ్లను అలా ఎవరూ పిలిచి ఉండరు, అక్కడ అందరూ మధిర వాళ్లే. ఊరి పేరు ఊరు వదిలిన వాళ్లకే అంటుకుంటుంది. ఆ ఊళ్లో ఆ ఇంటిపేరు ఎందుకు లేదో నాకప్పుడు అర్థమైంది. మనం ఎవరి సంతానమో ఆ పేరు చెప్పదు, ఎక్కడి నుంచి బండి కట్టామో చెబుతుంది, అంతే. కొత్తగూడెం దాకా పోబుద్ధి కాక, సత్తుపల్లిలోనే దిగి నేరుగా వేంసూరు వెళ్దామన్నాను.

వరండాలో తమ్ముడు, మరదలు, మా పెదనాన్న కూర్చుని ఉన్నారు. అంతా చెప్పాను. తమ్ముడు ఊరు ఒకటేనన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాడు.

"ఊరు ఒక్కటే అని నువ్వే ఒప్పుకుంటున్నవ్ గదా అక్కా. ఇంకేంది?"

"అవ్, ఊరు ఒక్కటే. నెత్తురు ఒక్కటని ఎవరు చెప్పిండ్రు?"

అడవిలో కోయవాళ్లు కూడా ఒక గట్టు వాళ్లను, గట్టంటే వాళ్లకు గోత్రం లాంటిది, ఆ గట్టు వాళ్లకే ఇవ్వరని పెదనాన్న అందుకున్నాడు. నేను వాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని. ఒక గట్టు వాళ్లంతా ఒక వేల్పును కలిసి కొలుస్తారు, తమ వాళ్లెవరో వాళ్లకు తెలుసు అన్నాను. మనకేం తెలుసో చెప్పమన్నాను. మా తాత తండ్రి పేరు ఎవరైనా చెప్పండి, ఇప్పుడే ఈ సంబంధం వదిలేస్తానన్నాను. తమ్ముడు పెదనాన్న వైపు చూశాడు. ఆయనకూ ఆ పేరు తెలియక, ఈ ఇంటి సంగతులు నీకెందుకు, నీ ఇంటిపేరు వేరు కదమ్మా అన్నాడు.

ఆ మాటతో నేను లేచి నిలబడ్డాను. నా పెళ్లినాడు పొద్దున తలంటు పోసేటప్పుడు నాది ఈ ఇంటిపేరు, మధ్యాహ్నం భోజనాలకు వేరే పేరు, నెత్తురు ఒక్క పూటలో మారుద్దా అని అడిగాను. అంతటితో ఆగి ఉండేదాన్నేమో. తమ్ముడు మొహం పక్కకు తిప్పుకోవడం చూసి ఆగలేదు.

"నన్ను మా అమ్మ సొంత తమ్ముడికిచ్చి చేసిండ్రు. గప్పుడు నెత్తురు ఎవరికీ గుర్తు రాలే. ఇంటిపేర్లు వేరు, వరస కుదిరిందన్నరు. నాకు పుట్టినోళ్లు ఇద్దరూ ఎందుకు దక్కలేదో డాక్టరమ్మ నాకు చెప్పింది. మీకు నేను చెప్పలే. ఇయాల చెప్తున్న."

నన్ను కట్టుకున్న మా మామ మంచివాడు. పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట మా ఇంట్లో నేను అనడం అదే మొదటిసారి. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు చెప్పులేసుకుని చేను వైపు వెళ్లిపోయాడు.

ముహూర్తం నేనే పెట్టించాను. భద్రాచలంలో చిన్న హాలు కిరాయికి తీసుకున్నాను. నాన్న వస్తే పెళ్లి, రాకపోతే వచ్చిన వాళ్లకు భోజనాలు పెట్టి పంపిద్దాం అని పిల్లతో చెప్పాను. ఫ్లెక్సీ షాపతను రెండు వైపులా ఒకే ఇంటిపేరు చూసి, పొరపాటు పడ్డారేమో మేడం, ఒకటి తీసేయనా అన్నాడు. తీయొద్దు, రెండూ ఒకే సైజులో, రోడ్డు మీదికి కనపడేటట్టు వెయ్యమన్నాను.

ఆ రోజు పిల్ల నగలన్నీ పెట్టుకుని గదిలో గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. పంతులు గడియారం చూపిస్తున్నాడు. నేను ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. చివరికి తమ్ముడు వచ్చాడు, వెనకే మరదలు. ఫ్లెక్సీ కింద ఆగి పైకి చూశాడు. నన్ను పలకరించకుండానే లోపలికి వెళ్లి పళ్లెం ముందు కూర్చుని అల్లుడి కాళ్లు కడిగాడు. పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది, నేనూ అంతే.

భోజనాల దగ్గర తమ్ముడు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. విస్తట్లో అన్నం కెలుకుతూ మెల్లగా అన్నాడు.

"నీ పెళ్లినాడు కూడా ఎవరన్నా నీ లెక్క పెద్దోళ్లకు ఎదురు నిలబడితే బాగుండేదక్కా."

"నాకు గట్లాంటి మేనత్త లేకపాయె," అన్నాను.