పురిటికొచ్చిన కొంగలు

నేను డాక్టర్ని కాదు. పశువుల దవాఖానాలో అసిస్టెంట్‌ని. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో అందరికీ చెప్పాను, రెండో నెలలో కొందరికి చెప్పాను, ఆ తరువాత మానేశాను. ఖమ్మం దాటి అడవి మొదలయ్యే ఊళ్ళలో గేదెకు సూది వేసే ప్రతి ఆడమనిషీ డాక్టరమ్మే. అసలు డాక్టరు గారు ఉన్నారు. ఆయన ఎక్కువగా ఫోన్లో ఉంటారు.

నాకు అప్పజెప్పిన ఊళ్ళలో చిట్టచివరిది, తారు రోడ్డు అయిపోయి టేకుచెట్లు మొదలయ్యే చోట ఉంది. ఆ ఊళ్ళో ఒక ముసలామె వాకిట్లో పెద్ద చింతచెట్టు. ఏటా జనవరిలో దాని మీదికి కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. తెల్లటి ఒళ్ళు, పొడుగాటి పసుపు ముక్కు, తోక దగ్గర ఎవరో రంగునీళ్ళు చల్లినట్టు గులాబీ ఈకలు. వానలు పడేనాటికి పిల్లలకు రెక్కలొస్తాయి, అన్నీ కలిసి వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని సైబీరియా కొంగలంటారు. అవి సైబీరియావి కావు, మన దేశంలోవేనని ఫారెస్టు వాళ్ళు నాకు చెప్పారు. నేను ఊరికి చెప్పాను. "గట్లనా" అన్నారు. మర్నాటి నుంచి మళ్ళీ సైబీరియా కొంగలే. అంత దూరం నుంచి వచ్చిన చుట్టాలకు బస్సు చార్జీ తగ్గించడానికి నేనెవర్ని?

ఆ ఊరికి అవి చుట్టాలు కూడా కాదు, ఆడబిడ్డలు. పురిటికి పుట్టింటికి వచ్చారని లెక్క. మొదటి గూడు కనబడిన రోజు ఆడవాళ్ళందరూ వచ్చి చెట్టు మొదలుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒడిబియ్యం పోస్తారు. ఆ బియ్యం ముసలామె కోళ్ళు తింటాయి. కొంగలకు అందినట్టే లెక్క. అప్పటి నుంచి పిల్లలు ఎగిరేదాకా ఊళ్ళో డప్పు లేదు, డీజే లేదు, పటాకులు లేవు. పెళ్ళి బరాత్ వస్తే ఊరి బయటే బ్యాండు ఆపేసి నడిచి వస్తారు. నేను ఒకసారి చూశాను. పెళ్ళికొడుకు గుర్రం మీద, చుట్టూ యాభై మంది, ఒక్క చప్పుడు లేదు. శవయాత్రలో కూడా ఇంతకన్నా సందడి ఉంటుంది.

ముసలామెను నేను అవ్వా అని పిలుస్తాను. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఈ మాట నేను అడగలేదు, ఒక కోడికి మందు పట్టిస్తుంటే తనే చెప్పింది. "నాకు కడుపు పండలే బిడ్డా. గీళ్ళే పురిటికి వస్తరు. సూడు, ఎంతమందో." తల పైకెత్తి చూపించింది. నేనూ పైకి చూశాను. సరిగ్గా అప్పుడే ఒక ఆడబిడ్డ నా భుజం మీద రెట్ట వేసింది. అవ్వ నవ్వి కొంగుతో తుడిచింది.

ఒక ఏడాది మార్చిలో కొంగలు రాలిపడటం మొదలైంది.

నాకు ఫోన్ చేసింది సర్పంచి గారి భర్త. సర్పంచి ఆయన భార్య. సంతకం ఆమెది, ఫోను ఆయనది, మిగతావన్నీ కూడా ఆయనవే. "మేడం, జల్దీ రావాలె. ఏడు సచ్చినయ్. బర్డ్ ఫ్లూ అంటుండ్రు, వాట్సాప్‌ల వచ్చింది" అన్నాడు. అది నిజమే అయితే చుట్టుపక్కల ఇళ్ళలో కోళ్ళన్నిటినీ చంపి పాతిపెట్టాలి. ఆ ఊళ్ళో కోళ్ళు లేని ఇల్లు లేదు. ఫ్లూ అని తేలితే చెట్టు కొట్టేద్దామని అప్పటికే నలుగురు అనుకుంటున్నారని కూడా చెప్పాడు. చెట్టు మీద ఆ రోజుకు ఇరవై పైగా గూళ్ళున్నాయి, చాలా వాటిలో పిల్లలున్నాయి.

ఐస్ డబ్బా, గ్లౌజులు, నమూనా తీసే పుల్లలు స్కూటీకి కట్టుకొని వెళ్ళాను. చనిపోయిన పక్షి గొంతులోంచీ, వెనక భాగంలోంచీ పుల్లతో నమూనా తీయాలి. వీలైతే మొత్తం పక్షినే పంపాలి. ఎక్కడున్నాయని అడిగాను. అవ్వ తన ఇంటి వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. ఏడు చిన్న మట్టి కుప్పలు, ఒక్కో కుప్ప మీద ఒక్కో బంతిపువ్వు.

పురిటికొచ్చి చనిపోయిన ఆడబిడ్డకు ఏం చేస్తారో అవన్నీ చేశారు. పసుపు నీళ్ళతో స్నానం చేయించారు. బొట్టు పెట్టారు. కొత్త రవిక గుడ్డలో చుట్టారు. అన్నీ ఉత్త చేతులతో.

"స్నానం చేయించిండ్రా? సచ్చిన పక్షికి?" అని అరిచాను.

"మరి చెయ్యమా?" అంది అవ్వ. ఆమె నిజంగానే అడిగింది.

ఒకదాన్ని తవ్వి తీశాను. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. పసుపు గొంతులోపలిదాకా వెళ్ళింది. అంత శ్రద్ధగా కడిగారు. పైగా రెండు రోజుల ఎండ. పనికిరాదని మళ్ళీ పూడ్చాను. పువ్వు కూడా పెట్టాను, పెట్టకపోతే అక్కడి నుంచి కదలనిచ్చేట్టు లేరు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఇంకొకటి చచ్చేదాకా కూర్చోవాలి. చెట్టుకు కాస్త ఎడంగా అవ్వ ఒక మంచం వేసింది. దాని మీద కూర్చుని పైకి చూస్తూ ఉన్నాను. సర్కారు జీతం తీసుకుంటూ ఒక ప్రాణి ఎప్పుడు చస్తుందా అని మధ్యాహ్నమంతా ఎదురుచూడటం నా ఉద్యోగంలో ఉంటుందని చదువుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు. పైన ముక్కులు టకటకమంటున్నాయి. గూళ్ళలో పిల్లలు మేకపిల్లల్లా అరుస్తున్నాయి. కింద సర్పంచి గారి భర్త.

"ఏం చేద్దామంటరు మేడం?"

"రిపోర్టు రావాలె. అప్పటిదాంక ఏం చెయ్యొద్దు. సచ్చినదాన్ని ముట్టొద్దు, కోళ్ళను చెట్టు కిందికి ఇడవొద్దు. గంతే."

పావుగంట ఆగి మళ్ళీ వచ్చాడు. "మరి ఏం చేద్దామంటరు?" మళ్ళీ అదే చెప్పాను. తలనొప్పి. ఎండ. పొద్దున తిన్న ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. అయిదోసారి వచ్చి, ఈసారి ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి, "గది కాదు మేడం, అసలేం చేద్దామంటరు" అన్నాడు.

"అంత భయమైతే కొట్టి ఎల్లగొట్టుండ్రి, పీడ పోతది!" అన్నాను.

మా ఇంట్లో దీన్ని నోటిదూల అంటారు. ముదిగొండలో మా నాయనమ్మకు ఉండేది, ఆమె నుంచి నాకు వచ్చింది. అన్న మరుక్షణం మరిచిపోయే మాట అది. నేను మరిచిపోయాను కూడా. నాలుగింటికి ఒక కొంగ రాలిపడింది. రెండు కవర్లలో చుట్టి, డబ్బాలో పెట్టి, స్కూటీ దవాఖానా దగ్గర వదిలి, బస్సెక్కి ఖమ్మంలో అప్పజెప్పి, ఇంటికెళ్ళి పడుకున్నాను. ప్రభుత్వోద్యోగి నోటి నుంచి వచ్చిన మాటను ఆర్డరు అంటారని నాకు తట్టలేదు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. గొంతులో సంతోషం. "మీరు చెప్పినట్టే చేసినం మేడం. నిన్న, ఇయ్యాల పటాకులు కాల్చినం. ఒక్క కొంగ లేదు, వచ్చి సూడుండ్రి."

ఎక్కడివి పటాకులని అడిగాను. ఏం అడగాలో తెలియక అది అడిగాను. ఆయన భార్య సర్పంచిగా గెలిచినప్పుడు తెచ్చినవట. గెలిచిన రోజు కాల్చలేదు, కొంగలు వచ్చి ఉన్నాయని. దాచిపెట్టారు.

నేను వెళ్ళేసరికి చెట్టు కింద నేలంతా ఎర్ర కాగితం ముక్కలు. పెద్ద కొంగలు ఎక్కడో ఆకాశంలో చుక్కల్లా తిరుగుతున్నాయి, దిగడం లేదు. సాయంత్రానికి ఆ చుక్కలు కూడా లేవు. గూళ్ళలో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. కొన్ని కింద పడ్డాయి. అవ్వ వంగి వంగి వాటిని ఒడిలో వేసుకుంటోంది. నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా? గీ పిల్లలేం తింటయో చెప్పు" అంది. నాకు నోట మాట రాలేదు. నా నోటికి అలా జరగడం అదే మొదటిసారి. అసలు అవసరమైన రోజు కంటే మూడు రోజులు ఆలస్యంగా జరిగింది.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. "వాటిని ముట్టుకోవద్దు" అన్నారు. తరువాత, "ముట్టుకుంటే గ్లౌజులు వేసుకో, ఆమెకు కూడా ఇవ్వు" అన్నారు. ఆయన మంచివారే. కోళ్ళను పక్కింటికి పంపించి, వెనక పాకలో గంపలు బోర్లించి పిల్లల్ని పెట్టాం. కింద పడ్డవి, తాళ్ళు కట్టి గూళ్ళలోంచి దింపినవి, చావగా మిగిలినవి పదకొండు. దింపింది పటాకులు కాల్చిన మనుషులే. అవ్వ వాళ్ళను ఏమీ అనలేదు, "మెల్లగ, మెల్లగ" అంటూ కింద నిలబడింది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. బర్డ్ ఫ్లూ కాదు. అంటురోగమే కాదు. కడుపునిండా పురుగులు. ఎండకు ఊరి చెరువు ఇంకిపోయి, మిగిలిన మడుగులో చేపలన్నీ ఒకచోట చేరాయి. ఆ చేపల్లో పురుగులు, ఆ చేపలు తిన్న కొంగల్లో పురుగులు. పంచాయతీ ఆఫీసులో గట్టిగా చదివి వినిపించాను. "మంచి వార్తే గద మేడం, కోళ్ళకేం గాదన్నట్టు" అన్నాడు సర్పంచి గారి భర్త. అని, కాసేపు కాగితం వైపే చూస్తూ ఉన్నాడు.

అవ్వకు విడిగా చెప్పాను.

"అయితే నా బిడ్డలు ఏ రోగం తేలేదన్నట్టు."

"తేలే అవ్వా."

"ఈడనే పట్టిందన్నట్టు. పుట్టింటి కూడే పడలే."

అప్పటి నుంచి రోజూ డ్యూటీ అయ్యాక పక్క మండలంలో ఒక చేపల చెరువు దగ్గర ఆగి, చిన్న చేపలు కొని, ఆ ఊరికి వెళ్ళేదాన్ని. పిల్లలకు పురుగుల మందు కోళ్ళ లెక్కన డాక్టరు గారు ఫోన్లో చెప్పారు. ఊరి మడుగు చేప ఒక్కటి కూడా పెట్టొద్దని అవ్వకు గట్టిగా చెప్పాను, ఆ ఒక్క విషయంలో ఆమె నా మాట విన్నది. బస్సులో వెళ్ళిన రోజుల్లో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, సీటు హాయిగా ఉండేది. మొదటి వారంలో అయిదు పోయాయి. తరువాత ఇంకో రెండు. ప్రతి దానికీ అవ్వ స్నానం చేయించింది, గ్లౌజులు వేసుకొని. నేను వద్దనలేదు. నాలుగు నిలిచాయి. జూన్‌లో అవి పాక మీదికెక్కాయి, నాలుగు రోజులకు చెట్టు మీదికి, ఒక పొద్దున ఎటో వెళ్ళిపోయాయి.

ఆ మూడు నెలల్లో రోజూ అనుకునేదాన్ని, ఇవాళ చెప్పేయాలని. అవ్వా, ఆ మాట అన్నది నేను, వాళ్ళు కాదు అని. స్కూటీ మీద వస్తూ మొత్తం తయారు చేసుకునేదాన్ని. తీరా వచ్చాక ఆమె చేపలు కోస్తూ ఉండేది, నేను ముళ్ళు తీస్తూ కూర్చునేదాన్ని, చీకటి పడేది. ఎవరి మీదైనా నిమిషంలో అరవగలిగే నేను, ఈ ఒక్క మాట చెప్పలేక ఎంత చచ్చానో నాకే తెలుసు.

మళ్ళీ జనవరి వచ్చింది. ఆడవాళ్ళు ఒడిబియ్యం కట్టుకొని ఎదురుచూశారు. సర్పంచి గారి భర్త రోజూ చెట్టు కిందికి వచ్చి కరెంటు తీగను పరీక్షిస్తున్నట్టు పైకి చూసి వెళ్ళేవాడు. ఫిబ్రవరి కూడా అయిపోయింది. ఒక్కటీ రాలేదు. నిరుటి గూళ్ళ పుల్లలు గాలికి ఒక్కొక్కటే రాలుతున్నాయి.

కోళ్ళకు కొక్కెర తెగులు టీకా వేయడానికి వెళ్ళాను. అవ్వ గంప కింది నుంచి ఒక్కో కోడిని తీసి రెక్కలు పట్టుకొని ఇస్తోంది. మూడో కోడికి సూది నింపుతూ, తల ఎత్తకుండా, చెప్పేశాను.

"అవ్వా, కొంగలను ఎల్లగొట్టమన్నది నేనే. కోపంల అన్న."

"తెలుసు బిడ్డా. ఆ దినం నీకు చాయ్ తెచ్చి ఎనకనే నిలబడ్డ."

ఏడాది. అందులో మూడు నెలలు రోజూ ఆ పాకలో పక్కపక్కన కూర్చున్నాం.

"మరి ఒక్కనాడన్న నన్ను తిట్టకపోతివి?"

అవ్వ కోడిని కాస్త దగ్గరికి జరిపింది, సూది అందేట్టు.

"తిడితే నువ్వు రాకపోతివి. పిల్లలకు చేపలెవరు తెద్దురు?"