జాజులో నీళ్ళెక్కువ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, చిత్రకారుడి గదిలోంచి ఘాటు వాసన రాకపోతే వాడు చిత్రకారుడే కాడని. పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టరుగా పగలంతా పిల్లలచేత మామిడికాయలూ జెండాలూ వేయించేవాణ్ణి. బడి అయ్యాక ఊరి చివరి అద్దె గదిలో కాన్వాసు నేలమీద పరిచి, నూనె రంగుల్లో టర్పెంటైన్ కలిపి, చుట్టూ తిరుగుతూ చిలకరించేవాణ్ణి. ఆ బొమ్మల్లో చెట్టూ పుట్టా, మనిషీ గొడ్డూ ఏవీ ఉండవు. లోపలి అలజడే బొమ్మ అని నా వాదన. (ఆ అలజడిలో సగం మెస్సు సాంబారుదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.)

కుప్పంలో గుమాస్తాగా పనిచేసే మా నాయనకు ఈ వాదన తలకెక్కలేదు. మదనపల్లెలో నా మొదటి ప్రదర్శన ఖాయమైందని చెప్తే, కాసేపు ఆలోచించి రాజీకొచ్చాడు. "సరే, నేనూ వస్తా. నీ బొమ్మ సూసి అర్థమైందనే మనిషి ఒక్కరుంటే సాలు, మళ్ళీ నీ జోలికి రాను. లేదంటే బ్యాంకు పరీక్షకు కూసోవాల" అన్నాడు. ఒప్పుకున్నాను. ప్రదర్శనకు ఎనిమిది రోజులుందనగా గోడంత కాన్వాసు పరిచాను.

నా గదికి ఆనుకొనే ఇంటి యజమానురాలి పట్టుపురుగుల షెడ్డు. ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. పట్టుపురుగులు మహా సుకుమారం, ఘాటు వాసన తగిలితే మేత మానేస్తాయి. అందుకే మూడు వారాలుగా పెద్దమ్మ తెల్లగడ్డ తిరగమోత పెట్టలేదు, ఆమె భర్త బీడీ ముట్టలేదు, కూతురు ముఖానికి పౌడరైనా రాసుకోలేదు. బడి పరీక్షల హడావుడిలో పడి నేనూ ఆ మూడు వారాలూ రంగులు తియ్యలేదు. పురుగులు నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్రను అక్కడ జ్వరమంటారు) నుంచి లేచి, గూడు కట్టేముందు ఆవురావురుమని మేసే రోజులవి. ఇల్లంతా వాటికోసం చప్పిడి కూడు తింటుంటే, నేను తీరిగ్గా కిటికీ తెరిచి టర్పెంటైన్ డబ్బా మూత తీశాను.

పావుగంటలో పెద్దమ్మ గుమ్మంలో ఉంది. "ఏం పోసినావప్పా ఈడ? పురుగులు తలకాయలెత్తుకోని ఉండాయి, ఆకు ముట్టలేదు!" నేను ప్రదర్శన గురించీ, మా నాయన షరతు గురించీ, లోపలి అలజడి గురించీ చెప్పబోయాను. "నీ అలజడి మా పురుగులు గూడు కట్టినాక పడు. ఇంటిల్లిపాదీ కష్టం ఇది" అంది. డబ్బాను మల్బరీ తోట అవతలికి పంపించింది. నాచేత తలస్నానం చేయించింది. నా చొక్కాను కూడా వీధవతలే ఆరేయించింది. సాయంత్రానికి పురుగులు మళ్ళీ మేత పట్టాయి గానీ నాకే ముద్ద దిగలేదు. కళ్ళముందు ఉత్త కాన్వాసు, దాని వెనక బ్యాంకు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక గంప తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఎర్రమట్టి జాజు, సున్నం, బొగ్గుపొడి, కలుపుకోవడానికి తుమ్మబంక. "నీకు కావాల్సింది రంగే కదప్పా? వీటికి వాసన లేదు, పూసుకో." గడపలకు పూసే జాజుతో అలజడేమిటని నాకు చిన్నతనంగా అనిపించింది. అయినా వేరే దారి లేక చీపురుపొరక ముంచి చిమ్మడం మొదలుపెట్టాను. గోడకవతల వేల పురుగులు ఆకు కొరుకుతుంటే రేకులమీద సన్నజల్లు పడుతున్నట్టుండేది. రెండు రోజులకల్లా నా చెయ్యి ఆ చప్పుడు ప్రకారమే కదులుతోంది. అంత సుఖంగా నేను అంతకుముందెప్పుడూ బొమ్మ వెయ్యలేదు.

మదనపల్లెలో ప్రదర్శనకొచ్చినవాళ్ళు బొమ్మ ముందు ఒక క్షణం నిలబడి, "బాగుండాది సార్" అనేసి ఫ్యాను కిందికి వెళ్ళిపోయారు. బ్యాంకు దరఖాస్తు జేబులో పెట్టుకొని మా నాయన ఒక్కొక్కరి ముఖమూ చూస్తున్నాడు. అందరూ పోయే వేళకు, గూళ్ళు గట్టిగా వచ్చాయన్న సంబరంతో పెద్దమ్మ దిగింది. నేరుగా బొమ్మ దగ్గరకెళ్ళి, వంగి, కింది మూల వేలు పెట్టింది. "ఈడ జాజులో నీళ్ళెక్కువ పోసినావప్పా, పలచనైపాయ. మిగతాదంతా బాగా పట్టింది."

మా నాయన గబగబా దగ్గరకొచ్చాడు. "ఏమ్మా, నీకిది అర్థమైందా?"

"అర్థమయ్యేదానికి ఏముండాదప్పా? మా పురుగులు మేసేటప్పుడు పక్కన కూసోని ఏసినాడు. సూడు, అదే గబగబ."

మా నాయన చాలాసేపు చూశాడు. ఏం కనిపించిందో తెలీదు గానీ, జేబులోని కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి దానితో విసురుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

ఇప్పుడు పెద్ద ఊళ్ళలో నా బొమ్మలు చూసినవాళ్ళు, మట్టి రంగులే ఎందుకు వాడతారని అడుగుతారు. నేను గొంతు సవరించుకొని, నేల గురించీ మూలాల గురించీ పది నిమిషాలు మాట్లాడతాను. (పురుగుల ఊసెత్తను.) పోయిన నెల కొత్త బొమ్మ ఫోటో పెద్దమ్మకు వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఆమె గొంతు వచ్చింది. "ఇంకా నీళ్ళెక్కువే పోస్తాండావప్పా!" లేచి బొమ్మ దగ్గరకెళ్ళి చూశాను. నిజమే, అదే మూల. నవ్వుకుంటూ జాజు గిన్నె దగ్గరికి లాక్కున్నాను. బ్యాంకు పరీక్షకు వయసెలాగూ దాటిపోయింది, ఇక ఇదే నేర్చుకోవాలి.