ఎనిమిది గజాల చీర

మా బాపు దుకాణంలో రెండు మర్యాదలు ఉండేవి. మామూలుగా బట్టలు కొన్నవాళ్లు మెట్లు దిగుతుంటే "మళ్ల రాండ్రి" అనేవాడు. చావుకు బట్ట కొన్నవాళ్లను ఆ మాట అనేవాడు కాదు. వాళ్లతో బేరం ఉండదు, ఎవరు పోయారన్న ప్రశ్న ఉండదు. ధర కొంచెం తగ్గించి చెప్పి, బట్ట చేతికిచ్చి, తల పక్కకు తిప్పుకొని కూర్చునేవాడు. వాళ్లు కూడా పోయొస్తమని చెప్పకుండా దిగిపోయేవాళ్లు. వరంగల్ బజారులో బట్టల వ్యాపారం చేసే ఇళ్లలో పిల్లలకు ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పనక్కర్లేదు, చూసి నేర్చుకునేవాళ్లం.

డెబ్భైల మొదట్లో ఆ రెండో మర్యాదతో పెద్దగా పని పడేది కాదు. మా దుకాణానికి వచ్చేది పరకాల, పాలకుర్తి దిక్కు పల్లెల రైతులు. మేం అమ్మేది ధోతులు, కండువాలు, ముతక చీరలు. అన్నిటికంటే ఎక్కువగా పోయేది ఎనిమిది గజాల నేత చీర. దాన్ని గోచి పెట్టి కట్టుకొని ఆడవాళ్లు నాట్లు వేసేవాళ్లు, మిరపకాయలు ఏరేవాళ్లు, ఎడ్ల బండి ఎక్కేవాళ్లు, పండుగకూ అదే కట్టుకొని గుడికి పోయేవాళ్లు. మార్కెట్లో మిర్చి అమ్మి నేరుగా దుకాణానికి వచ్చినప్పుడు వాళ్ల బట్టల్లోంచి ఘాటు లేచేది. బాపు తుమ్ముతూనే చీరలు విప్పి పరిచేవాడు. వాళ్లు కొంగును రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసేవాళ్లు.

"గిదేం చీర సావుకారీ, పిండి జల్లించుకోను పనికొస్తది."

"జల్లించుకో అక్కా. రొట్టెలు చేసినంక నాకు గూడ రెండు పంపు."

మొదట మారింది మగవాళ్లు. తండ్రి ధోతి కోసం మా మెట్ల మీద కూర్చుంటే, కొడుకు ఎదురు దుకాణంలో టెరిలిన్ ప్యాంటు గుడ్డ కోయించుకునేవాడు. కొన్నేళ్లకు ఆ తండ్రులు కూడా పొలం పనికి కొడుకుల పాత ప్యాంట్లు తొడిగారు. బాపు దిగులు పడలేదు. "ఆడోళ్లు మారరు," అనేవాడు. "గోచి లేకుంట మడిల ఎట్ల వంగుతరు?"

వంగారు. ఆరు గజాల పాలిస్టర్ చీరను మోకాళ్ల దాకా ఎత్తి నడుములో దోపుకొని, బాగానే వంగారు.

మా ఇంట్లో ఆ పాలిస్టర్ చీర మొదట అడిగింది అమ్మే. ఎనిమిది గజాల ముతక చీర తడిస్తే నీళ్లు నిండిన బిందె అంత బరువు. దాన్ని పిండడానికి ఇద్దరు కావాలి, మా ఇంట్లో అమ్మ ఒక్కతే. పిండి పిండి కుడి భుజం లేవక, తల దువ్వుకోవడానికి కూడా పక్కింటి ఆమెను పిలిచేది.

"ఎదురుంగ అమ్ముతరు గద, అసొంటి చీర ఒక్కటి తేండ్రి. బకెట్ల ముంచి ఆరేస్తే అయిపాయె," అన్నది ఒకరోజు అన్నం పెడుతూ.

"సావుకారి పెండ్లమే ఆ చీర కడితే ఇగ నేను దుకాణంల కూసునుడెందుకు?"

"కూసునేది మీరు. పిండేది నేను."

బాపు రెండు రోజుల తర్వాత చీర తెచ్చాడు. మా బజారులో కొనలేదు. ఎవరైనా చూస్తారని హన్మకొండ దాకా పోయి, కాగితంలో చుట్టించుకొని, చంకలో పెట్టుకొని వచ్చాడు. ఆ నీలం పూల చీరలో అమ్మ తేలిగ్గా నడిచేది. తేడా మేమందరం చూశాం, బాపు కూడా చూశాడు. తను అమ్మే సరుకు మీద ఆయనకు నమ్మకం పోవడం ఆ రోజే మొదలైందని నాకిప్పుడు అనిపిస్తుంది. గిరాకీ తగ్గడం కంటే అదే ఎక్కువ కుంగదీసి ఉంటుంది.

డెబ్భైలు ముగిసేనాటికి ఎనిమిది గజాల చీరలు మడతల మీదే రంగు పోతున్నాయి. బాపు ఆశంతా ఒక్క ఇంటి మీద మిగిలింది. పరకాల దగ్గరి ఒక రైతు కుటుంబం మా తాత కాలం నుంచి పెళ్లి బట్టలు మా దగ్గరే కొనేది. వాళ్లు ఏ దుకాణం మెట్లెక్కితే ఆ చుట్టుపక్కల ఊళ్లు అక్కడికే వచ్చేవి. ఆ ఏడు వాళ్ల చిన్నకొడుక్కి పెళ్లి కుదిరిందని తెలిసి, బాపు మాకు చీరలు నేసిచ్చే నేతాయనతో ఎర్ర చీరలు, పసుపు అంచువి, ప్రత్యేకంగా నేయించాడు. "వాళ్లు వస్తే దుకాణం ఉంచుత. లేకుంటే మూసేస్త," అని అమ్మతో అన్నాడు.

మాఘమాసం పోయింది, ఎవరూ రాలేదు. మిర్చి అమ్ముకున్నాక వస్తారులే, పెళ్లి వైశాఖంలో పెట్టుకున్నారేమో అని బాపు తనకు తనే చెప్పుకున్నాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ ఇంటి పెద్దకొడుకు వచ్చాడు. అప్పటికి నేను పత్రికలో పనికి కుదిరాను, సెలవు కావడంతో బాపుకు అన్నం డబ్బా తీసుకుపోయాను. అతన్ని చూడగానే బాపు లేచి నిలబడ్డాడు.

"రా బిడ్డా, రా. దారి మర్సిపోయినవనుకున్న. గిదేంది, ఒక్కో కాలుకు ఒక్కో లంగ కుట్టించుకున్నవ్?" అన్నాడు అతని వెడల్పు ప్యాంటు చూసి.

అతను నవ్వలేదు. దుకాణంలో పరిచిన పరుపు అంచున కూర్చున్నాడు. "ఎనిమిది గజాల చీర. ఎర్రది. జర జల్ది ఇయ్యి సావుకారీ, పసుపు కుంకుమ గూడ తీస్కోవాలె."

ఎర్ర చీర, పసుపు, కుంకుమ. బాపుకు పెళ్లి తప్ప ఇంకేమీ తోచలేదు. దాచిన చీరలన్నీ దించాడు, ఒక్కొక్కటి విప్పి తన భుజం మీదే వేసుకొని చూపించాడు. అతను పై చీరను తీసుకున్నాడు. చెప్పినంత ఇచ్చాడు.

"మీ నాయిన అయితే గీపాటికి నా పానం తీస్తుండె. నువ్వు అడుగవేంది?" అన్నాడు బాపు నవ్వుతూ. బేరమాడని మనిషి ఎదుట కూర్చున్నా ఆయనకు తట్టలేదు. ముప్పై ఏళ్లుగా మనుషుల ముఖాలు చూసి బట్ట విప్పినవాడు, ఆ రోజు ముఖం చూడలేదు.

అతను మెట్టు దిగుతుంటే బాపు వాకిట్లోకి వచ్చాడు. "మిగిలినయి పక్కకు పెడుత, ఇంట్ల ఆడోళ్లను తోల్కొని రాండ్రి. మళ్ల రాండ్రి బిడ్డా, మళ్ల రాండ్రి."

అతను ఆగిపోయాడు.

"పెండ్లి మాఘంలనే అయింది సావుకారీ," అన్నాడు మెల్లగా. కళ్లు ఒకసారి ఎదురు దుకాణం దిక్కు పోయివచ్చాయి. "పిల్ల ఆ చీరలే కావాలన్నది. గిది నన్ను గన్న అవ్వకు. పొద్దుగాల దవాఖానల పానం పోయింది. నాయిన ఉండంగ పోయింది గద, ఎర్రదే కట్టాలె. ఎన్నడు గోచి చీర తప్ప కట్టలే. గిది ఇంక యాడ దొరుకుతలేదు."

అన్న మాటను వెనక్కి తీసుకునే పద్ధతి మా బజారులో లేదు. అతను కోపం చేసుకోలేదు, చీరను తువ్వాలలో చుట్టుకొని ఎండలోకి నడిచాడు. కోపం చేసుకున్నా బాగుండేది.

దుకాణం వెంటనే మూతపడలేదు. అదే పెద్ద శిక్ష. గోచి చీర, ధోతి మా దగ్గర దొరుకుతాయన్న మాట ఊళ్లకు పాకింది. పాలిస్టర్ చొక్కాలు తొడిగిన కొడుకులు, పూల చీరల కోడళ్లు వచ్చి, పోయిన అమ్మానాన్నల కోసం ఒక్కొక్కటి పట్టుకుపోయేవాళ్లు. బాపు ధర తగ్గించి చెప్పేవాడు, తల పక్కకు తిప్పుకునేవాడు. "మళ్ల రాండ్రి" అన్న మాట ఆయన నోట నేను మళ్లీ వినలేదు, కండువా కొన్నవాళ్లతో కూడా. ఆ ఎర్ర చీరలు నేసిన నేతాయన కొడుకులను తీసుకొని సూరత్‌కు పోయాడు, ఎదురు దుకాణానికి చీరలొచ్చే మిల్లుల్లో పనికి.

రెండేళ్లకు దుకాణం ఖాళీ చేశాం. మిగిలిన ధోతులు, కండువాలు ఎవరో గంపగుత్తగా పట్టుకుపోయారు. బాపు ఒక్క ఎర్ర చీరను మాత్రం ఇంటికి తెచ్చి, ట్రంకుపెట్టె అడుగున, పాత బట్టల కింద సర్దుతున్నాడు. నీలం పూల చీరలో అమ్మ వాకిట్లో నిలబడి చూసింది. ఎవరికని అడగలేదు.

"పెట్టుండ్రి," అన్నది. "గది నేను పిండేది లేదు గద."