మా పెద్దమ్మ మూడు మునకలు

మా పెద్దమ్మ సువార్తమ్మ మూడుసార్లు బాప్తిస్మం తీసుకుంది. నవ్వకండి. మొదటిది ఒళ్ళో బిడ్డగా ఉన్నప్పుడు, మిషన్ గుడిలో నెత్తి మీద నీళ్ళు చిలకరించారు. రెండోది తొంభై ఒకటిలో, మా ఊరి కాలువలో నిలువునా ముంచారు. పెద్ద నీళ్ళలో అయితేనే చెల్లుతుందని ఎవరో చెబితే, తొంభై ఆరులో కొవ్వూరు వెళ్ళి గోదారిలో మునిగొచ్చింది. మునిగిన ప్రతిసారీ ఓ వారం తేలిగ్గా ఉండేది. తర్వాత మళ్ళీ అన్నం సయించేది కాదు, కంటి మీద కునుకు ఉండేది కాదు.

అలాగని వాక్యం తెలియని మనిషి కాదు. పెనుగొండ దగ్గర మా ఊరి గుడిలో ఇరవయ్యేళ్ళు సండేస్కూలు చెప్పింది. మారుమనస్సు, విశ్వాసం, బాప్తిస్మం, చేతులుంచడం, చచ్చినవాళ్ళు లేవడం, చివరి తీర్పు. ఈ ఆరు పునాదులూ మా చేత వేళ్ళు మడిపించి మరీ వల్లె వేయించేది. తప్పు చెబితే తొడపాశం పెట్టేది మహాతల్లి!

ఆవిడ్ని లోపల తినేసింది గుప్పెడు బియ్యం. మా ఆడవాళ్ళు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు దేవుడి పేర తీసి పెడతారు. ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసేది పెద్దమ్మా, దీనమ్మా. దీనమ్మ మొగుడు పోయి ఇద్దరు పిల్లలతో ఉండేది. తొంభైలో ఆ బియ్యం సంచి ఒకటి కనపడలేదు. "పిల్లల ఆకలికి దీనమ్మే తీసుంటుంది" అని పెద్దమ్మ గుడిలో అందరి ముందూ అనేసింది. దీనమ్మ పిల్లల్ని తీసుకుని కాలువ దిగువన ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

రెండు నెలలకి ఆ సంచి పెద్దమ్మ ఇంటి అటక మీదే దొరికింది. ఎలకలకి భయపడి లాజరు పెదనాన్న పైన పెట్టి మర్చిపోయాడు. పెద్దమ్మ ఆ పురుగు పట్టిన బియ్యాన్ని కోళ్ళకి పోసేసి నోరు కుట్టేసుకుంది. అప్పటికి ఆవిడ స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు మరి.

రెండువేల ఒకటి ఏప్రిల్‌లో ప్రవీణ్ అనే కుర్ర పాస్టరు కొత్తగా వచ్చాడు. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నన్ను ఇంకోసారి ముంచండి అయ్యగారూ."

"కాలువలు కట్టేశారు కదండి. ధవళేశ్వరంలో నీళ్ళు మళ్ళీ జూన్‌కి గానీ వదలరు" అన్నాడు ఆయన. "అయినా పునాది మీద పునాది ఎన్నిసార్లు వేస్తారండి? గోడ లేపొద్దా? ఇంతకీ ఈసారి ఏం కడుక్కోవాలనండి?"

"ఆయ్, ఏం లేదండి" అని పెద్దమ్మ గబగబా బయటికొచ్చేసింది.

ఆ ఎండాకాలం అంతా ఏదో కలలో జరిగినట్టే గుర్తు నాకు. కాలువలో నీళ్ళు లేవు. మధ్యాహ్నమైతే ఊళ్ళో చప్పుడే లేదు. పెద్దమ్మ రేవు మెట్ల మీద కూర్చుని ఆ ఖాళీని చూస్తుండేది. కునుకు పడితే చాలు, అటక మీంచి బియ్యం రాలేవట. ఒక్కొక్క గింజ, మెల్లగా, కళ్ళ మీద, పెదాల మీద. ఉలిక్కిపడి లేచి కొంగు దులుపుకునేది.

ఓ రోజు అలా దులుపుకుంటూ లేచి, మెట్లు దిగి కాలువలోకి నడిచింది. "ఎక్కడికే పెద్దమ్మా?" అంటూ వెనకాలే వెళ్ళాను. కాళ్ళ కింద నెర్రెలిచ్చిన మట్టి, తెల్లటి గుల్లలు. ఎదర దూరంగా నీళ్ళు మెరిసేవి. దగ్గరికెళితే ఉండేవి కావు, ఇంకాస్త ఎదర మెరిసేవి. ఆ నడకలోనే ఆ సంచి సంగతంతా నాకు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలోనే ఏడుపొచ్చింది.

కాలువ దిగువన వాళ్ళ ఊరు చేరేసరికి దీనమ్మ వాకిట్లో కొబ్బరాకు అల్లుకుంటోంది. తల ముగ్గుబుట్ట అయిపోయింది.

"సంచి మా అటక మీదే ఉంది దీనమ్మా. రెండు నెలలకే తెలిసింది. చెప్పలేదు" అంది పెద్దమ్మ నిలబడే.

దీనమ్మ అల్లిక పక్కన పెట్టింది. "ఆ మాట ఈ ఊరిదాకా వచ్చిందక్కా. నా కూతుర్ని బళ్ళో బియ్యందొంగ కూతురనేవారు. చదువు మానేసింది. గుడిలో అన్నావుగా, గుడిలోనే చెప్పు."

ఆదివారం పెద్దమ్మ లేచి నిలబడి అంతా చెప్పింది. ఒక్క ముక్కా దాచలేదు. ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. సాయంత్రానికల్లా ప్రెసిడెంటు పదవి ఊడింది. జూన్‌లో నీళ్ళొచ్చాక ముంచమంటారా అని పాస్టరుగారు అడిగితే, "ఒద్దండి. నాకు దీనమ్మతో పనుంది" అంది.

సోమవారం మళ్ళీ వెళ్ళాం. దీనమ్మ ఈసారి పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది.

"చెప్పానే, అందరి ముందూ చెప్పాను. క్షమిస్తావా?"

"ఇంకా కోపంగానే ఉందక్కా. అబద్ధం ఎందుకు చెప్పను? మళ్ళీ వారం రా."

పెద్దమ్మ వెళ్ళింది. ఆ వారం, ఆ పై వారం, ఆరేళ్ళు వెళ్ళింది. వానల్లో గట్టు మీంచి, మోకాళ్ళు పట్టేశాక రిక్షాలో. దీనమ్మ క్షమించానని నోటితో ఒక్కసారీ అనలేదు. పెద్దమ్మ పోయిన రోజు మాత్రం తలుపు తోసుకుని లోపలికొచ్చి, మమ్మల్నెవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా, ఆఖరి స్నానం తనొక్కతే చేయించింది.