పాచి కడిగిన వారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాచిపని నాదే. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సానుపు చల్లి, రాత్రి ఎంగిలి గిన్నెలన్నీ బూడిదతో తోమేదాన్ని. పాచి అంటే అమ్మమ్మకు అసహ్యం. గిన్నె అంచున కాస్త జిడ్డు తగిలినా మళ్లీ తోమించేది. మేమప్పుడు టేకులపల్లి దగ్గర అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాళ్లం.

మా మామయ్య కోస్తా వైపు చేపల చెరువుల మీద కొన్నేళ్లు పనిచేసి ఇంటికొచ్చాడు. వస్తూ వస్తూ ఖమ్మంలో ఒక అద్దాల తొట్టి, దానికి గాలి బుడగల మిషను, ఆరు బంగారు చేపలు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మేనకోడల్ని కదా, నన్ను కోడలా అనే పిలిచేవాడు. "ఇవి నీయే కోడలా. సాదుకుంటవో సంపుకుంటవో నీ ఇష్టం" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆరింట్లో ఒకదానికి తోక తెల్లగా ఉండేది. నేను అద్దం మీద వేలు పెడితే అది వేలి వెంటే వచ్చేది. బడి నుంచి రాగానే దాని దగ్గరికే పోయేదాన్ని.

రెండు నెలలు బాగానే బతికాయి. తొట్టిలో రాళ్లకు గోధుమరంగు జిగురు పట్టింది. అమ్మమ్మ ఒకరోజు చెయ్యి పెట్టి చూసి, "ఛీ, పాచి! పాచిపని చేసే పిల్లవు, గిది కనబడలే?" అంది. సిగ్గేసింది. ఆ శుక్రవారం చేపల్ని బిందెలో వేసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లను బూడిద, పీచుతో ఒక్కొక్కటీ రుద్దాను. బుడగల మిషను స్పాంజిని కూడా పిండి పిండి తెల్లగా చేశాను. తొట్టి తళతళలాడింది. అమ్మమ్మ మెచ్చుకుంది. పాపం బెదిరిపోయాయని చేపలకు రెండు పిడికిళ్లు అన్నం కూడా వేశాను.

మూడోరోజు అవి నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మొప్పలు ఎర్రగా కందిపోయాయి. మధ్యాహ్నానికి ఒకటి వెల్లకిలా తేలింది.

మామయ్య వచ్చి తొట్టిలోకి చూశాడు. ఆయనకు చూడగానే తెలిసిపోయింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నవ్వి, "అద్దం లెక్క కడిగినవ్ గదా కోడలా, మరెందుకు సచ్చింది?" అన్నాడు.

"నాకు తెల్వదు మామా. నువ్వు జెప్పు."

"నేనెందుకు జెప్త? నువ్వే తెలుసుకో."

నాకు తెలిసింది కడగడం ఒక్కటే. మళ్లీ కడిగాను. మర్నాడు ఇంకోటి పోయింది. మళ్లీ రుద్దాను. ఇంకోటి పోయింది. మామయ్య రోజూ టీ గ్లాసు పట్టుకొచ్చి తొట్టి పక్కన కూర్చుని, "ఇయ్యాల ఎవరి వంతు?" అనేవాడు. చచ్చినవాటిని నా చేత్తోనే మిరపచెట్టు కింద పూడ్పించేవాడు. నాలుగోది కూడా పోయిన రోజు ఆయన కాళ్లు పట్టుకున్నాను.

అప్పుడు నా రెక్క పట్టుకుని గొడ్ల కొట్టంలోకి తోసి, తలుపేసి బయట గొళ్లెం పెట్టాడు. ముసురు వల్ల కొట్టం ఊడ్చి మూడు రోజులైంది. ఉచ్చ, పేడ కలిసిన ఆ ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారాయి. తలుపు బాదాను. "చిన్నపిల్లరా, తలుపు తియ్యి! నీకేమన్న పిచ్చా?" అని అమ్మమ్మ అరుస్తోంది. ఆయన తియ్యలేదు. బయట నిలబడి చెప్పాడు.

"గిదే అమ్మోనియా. చేప నీళ్లలోనే ఉచ్చ పోస్తది, నీళ్లలోనే ఏరుగుతది. నువ్వేసిన అన్నం గూడ అండ్లనే కుళ్లింది. దాన్నంత తినేసేది ఆ పాచే. నువ్వు దాన్ని రుద్ది పారేసినవ్. నీకైతే తలుపుంది. అవి ఏడికి పోతయ్?"

తలుపు తీశాక నేను వాంతి చేసుకున్నాను. ఆయన అదేం పట్టించుకోకుండా పని చెప్పాడు. మూడు రోజులు మేత బంద్. రోజూ మూడో వంతు నీళ్లే తీసి, ముందురోజు తోడి ఉంచిన నీళ్లు పోయాలి. రాళ్లను ముట్టుకోవద్దు. వాగులోంచి జిగురు పట్టిన రాళ్లు తానే తెచ్చి తొట్టిలో వేశాడు. ఆ సాయంత్రమే ఇంకో చేప పోయింది. తెల్లతోకది ఒక్కటే మిగిలింది. వారానికి అది కిందికి దిగి ఈదింది. అంత తొట్టిలో ఒంటరిగా మూడేళ్లు బతికింది.

నా పెళ్లయ్యాక ఒకసారి మామయ్యను అడిగాను, మొదటిరోజే ఎందుకు చెప్పలేదని. "జెప్తే మర్చిపోదువు" అన్నాడు. నిజమే, మర్చిపోలేదు. ఆయన చెప్పిన నీళ్ల సంగతి ఒక్క ముక్క కూడా తప్పు కాదు. కానీ ఐదు ప్రాణాలు పోతుంటే టీ తాగుతూ చూసిన మనిషిని కూడా మర్చిపోలేదు. ఆయన పోయినప్పుడు ఏడ్చాను గానీ, ఆ వారం మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

ఇప్పుడు ఎవరు తెలియక తప్పు చేస్తున్నా నా నోరు ఆగదు. అడగకుండానే చెప్పేస్తాను. "అన్నిట్ల నీకే కావాలె అత్తమ్మా" అని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. తెలిసుండి చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు.