చరిత్రలో అందరూ తిన్నారు

జనగామ టెంట్‌హౌస్ అజహర్‌కు ఉన్నది ఒకటే జబ్బు. ఏ తారీఖు కనపడినా, ఆ రోజు లోకంలో ఏం జరిగిందో చెప్పకుండా ఉండలేడు. అడిగితే చెబుతాడు. అడక్కపోతే ఇంకాస్త వివరంగా చెబుతాడు.

ఆయన భార్య షహనాజ్ బేగానికి ఈ సంగతి తెలిసేసరికి నిఖా అయిపోయింది. కూతురు నౌషీన్ పుట్టేనాడు ఆమె లోపల నొప్పులు పడుతుంటే, ఈయన దవాఖాన తలుపు దగ్గర నర్సును ఆపి, "సిస్టర్, జూన్ పద్దెనిమిది! వాటర్లూ యుద్ధం ఇయ్యాల్నే అయింది" అన్నాడు.

"లోపల గంతకంటే పెద్దదే అవుతుంది. జర పక్కకు జరుగుండ్రి" అన్నది నర్సు.

పక్కింటి కొమురెల్లి శుభమా అని కొత్త ఆటో చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే, పోయి "ఏప్రిల్ పదిహేను, టైటానిక్ మునిగిన దినం" అని చెప్పి వచ్చాడు. ఆ రోజు ఆటో కదల్లేదు. కొమురెల్లి ఇప్పటికీ షహనాజ్‌ను వదినా అని పిలుస్తాడు గాని, అజహర్ మొహం చూడడు.

అలాంటి మనిషి చేతికి, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో మైకు దొరికింది. దొరకడమేమిటి, మైకు ఆయనదే, షామియానా ఆయనదే. ఆ టెంటు కింద రిలే నిరాహార దీక్ష. రోజుకొక సంఘం పొద్దున్నుంచి ఉపవాసం కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి.

రోజూ కూర్చునే మనిషి మాత్రం ఒక్కడే, రాజమల్లు. భూపాలపల్లి గనిలో చేసి రిటైరైన పెద్దాయన. బిడ్డ రాజీని చూసిపోదామని వస్తే, తెల్లారేసరికి సమ్మెతో బస్సులు బందయ్యాయి. తనను ఇరికించిన సమ్మెకే జై కొట్టి, టెంట్లో ముందు కుర్చీ పట్టాడు. వకీళ్ల వంతు నాడు, "నువ్వు వకీలువా?" అని అడిగితే, "కోర్టు మెట్లు నీకంటే నేనే ఎక్కువ ఎక్కిన" అన్నాడు.

చిక్కల్లా ఆయనకున్న షుగరుతో వచ్చింది. గోలీ వేసుకుని కడుపు మాడ్చుకున్నాడు, మొదటి రోజే కళ్లు తిరిగి కుర్చీలోంచి జారాడు. రాజీ పరుగున వచ్చి నోట్లో ఇంత చక్కెర పోసింది.

"బాపూ, గిట్ల ఉపాసముంటే పానం పోతది. నా మాట ఇను" అని ఏడ్చింది.

"మావోళ్లు బొగ్గు ఆపిండ్రు, నేను బువ్వ ఆపుత. గంతే!" అన్నాడు రాజమల్లు.

మర్నాటినుంచి అజహర్ చరిత్రకు ఆకలి మొదలైంది. మధ్యాహ్నం కాగానే మైకందుకున్నాడు. "అన్నలారా, సెప్టెంబర్ ఇరవై! మాగెల్లాన్ ఓడలు సముద్రంల బయలెల్లిన దినం. దునియా చుట్టొచ్చేటోళ్లు సద్ది కట్టుకోరా? ఆళ్ల పేరు మీద ఉడకబెట్టిన పెసర గుడాలు. పెద్దమనిషి మొదలు ముట్టాలె. పేరు మీద పెట్టింది వద్దంటే పాపం!"

పాపమంటే రాజమల్లుకు భయం. నాలుగు గుప్పెళ్లు తిన్నాడు. నెప్ట్యూన్ గ్రహం కనపడిన రోజుకు, గుండ్రంగా ఉంటుంది కాబట్టి, జొన్నరొట్టె వచ్చింది. వండలేక షహనాజ్ నడుము పడిపోయింది.

"అజీ, మీ చరిత్రల ఒక్కడన్న ఉపాసమున్నడా?"

"ఉపాసమున్నోళ్లు చరిత్ర దాక రాలే, బేగం."

అక్టోబర్ రెండు రానే వచ్చింది. రాజమల్లు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "అజహర్ భాయ్, ఇయ్యాల గాంధీ తాత పుట్టిన దినం. ఉపాసాలకే పెద్ద. నీ పప్పులు ఉడకయి."

అజహర్ మైకు అందుకుని, మళ్లీ కింద పెట్టాడు. పెళ్లయ్యాక ఒక తారీఖు ముందు మొగుడు నీళ్లు నమలడం షహనాజ్ చూడటం అదే మొదలు. అటు పొద్దున్నే గోలీ వేసుకున్న రాజమల్లు కుర్చీలో ఒక పక్కకు ఒరగసాగాడు. రాజీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రాజమల్లన్నా," అన్నాడు అజహర్ ఉన్నట్టుండి, "పుట్టిన దినం గాంధీ ఉపాసమున్నడా, తల్లి పాలు తాగిండా?"

టెంటంతా గొల్లున నవ్వింది. రాజమల్లు కాలు మీది కాలు దించాడు. షహనాజ్ తెచ్చిన మేకపాల గ్లాసు ఎత్తాడు.

ఖాళీ గ్లాసు తీసుకుపోతూ రాజీ నవ్వింది. "అక్కా, భాయ్ చరిత్రల ఒక్కరు గూడ లడ్డు తినలే. లోకంల అందరికి షుగరే ఉండెనా?"

షహనాజ్ అక్కడే ఆగిపోయింది. గుడాలు, రొట్టె, చక్కెర లేని పాలు. ఇన్నాళ్లూ మొగుడి పిచ్చికి వండుతున్నాననుకుంది. పిచ్చి నిజమే, దాని వెనక ఈ ముసలాయన ఉన్నాడు. మొగుడి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది.

"మరి మీరేం తిన్నరు?" అని మొగుణ్ని నిలదీసింది.

"నేను దీక్షల ఉన్న గద, బేగం."

సాయంత్రం నిమ్మరసం మొదటి గ్లాసు ఆమే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తాగాడు గాని ఆయన మొహం వాడిపోయే ఉంది.

"ఏమైంది?"

"రేపు అక్టోబర్ మూడు. రెండు జర్మనీలు కలిసి ఒక్కటైన దినం. ఇడిపోతమని కూసున్న టెంటుల గా ముచ్చట ఎట్ల చెప్పాలె?"

షహనాజ్ కొంగు దోపుకుంది. "పెసర్లు నానబోసిన. జర్మనీ సంగతి మీరు చూస్కోండ్రి."