ప్రార్థన బల్ల మీద బిళ్ళల డబ్బా

వెల్డా కోంబ్స్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని అమెరికాలోని ఆ కెంటకీ లోయలో అందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి స్కూలు బస్సు తోలుతూ, పిల్లల మీద అరిచి అరిచి గొంతు గరుకెక్కిపోయింది. అద్దంలో ఒక్క చూపు చూసి ఏ పిల్ల వాంతి చేసుకోబోతోందో, ఏ వెధవ పక్కవాణ్ణి గిల్లుతున్నాడో చెప్పేసేది. అంతటి కళ్ళు పెట్టుకుని ఇంట్లో కన్నకొడుకును కనిపెట్టలేకపోయింది. అన్నిటికంటే ఆ కోపమే ఆమెకి ఇప్పటికీ చల్లారలేదు.

కొడుకు కోల్బీ బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఒకరోజు పైకప్పు రాయి ఊడి నడుం మీద పడింది. డాక్టరు నొప్పి బిళ్ళలు రాసిచ్చాడు. అయిపోతే మళ్ళీ రాసిచ్చాడు. శనగలు పంచినట్టు పంచాడు. ఆ మహానుభావుడు ఇప్పుడు ఎక్కడో సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకుని హాయిగా ఉన్నాడట. వాడి నోట్లో మన్ను పడ! బిళ్ళలు దొరకడం ఆగిపోయాక కోల్బీ రోడ్డు మీద అమ్మే మత్తుపొడి పట్టాడు.

ఎండలు మండిపోతుంటే పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. స్నానాల గదిలో దూరితే ఒక పట్టాన బయటికి వచ్చేవాడు కాదు. పెట్టిన తిండి పెట్టినట్టే ఉండేది. తింటూ తింటూ తల వాల్చేసేవాడు. వెల్డా అదంతా నడుం నొప్పే అనుకుంది. చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడల్లా లేచి "మావాడి నడుం కోసం" అనేది. ఇంకొకామె కోడలి తలనొప్పి కోసం అనేది, మరొకాయన అల్లుడి నీరసం కోసం అనేవాడు. ఎవరి నొప్పి ఏమిటో పక్కవాళ్ళకి తెలుసు. ఒక్కరూ దాని పేరు ఎత్తేవారు కాదు. సిగ్గుట! ఇళ్ళు కూలిపోతుంటే సిగ్గేమిటో మరి!

ఒక మధ్యాహ్నం స్నానాల గదిలోంచి పిలిస్తే పలకలేదు. వెల్డా బస్సు సామాన్లలోని ఇనపరాడ్డు తెచ్చి తలుపు పగలగొట్టింది. కోల్బీ నేల మీద పడి ఉన్నాడు, పెదాలు నీలంగా మారిపోయాయి, పక్కన సూది. అంబులెన్సు వాళ్ళు ముక్కులో మందు కొట్టి ప్రాణం వెనక్కి తెచ్చారు. ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచాడో లేదో, తల్లి పట్టుకుంది.

"ఇది నడుం నొప్పి కాదురా. ఏంటో నీ నోటితో చెప్పు."

"అలవాటైపోయిందమ్మా. మానేద్దామనుకుంటా, నావల్ల కావట్లేదు."

"నీవల్ల కాకపోతే మాన్పించేవాళ్ళ దగ్గరికి పోదాం. లే."

"ఊరందరికీ తెలిసిపోద్దమ్మా."

"తెలిసి చావనీ! నువ్వు పోయాక తెలిసేకంటే ఉండగా తెలిస్తే నయం."

కొండ దిగి పట్నంలోని క్లినిక్‌కి తీసుకుపోయింది. అక్కడి నర్సు నాలుక కింద పెట్టుకునే బిళ్ళలు ఇచ్చి, వెల్డాని కూడా కూర్చోబెట్టి చెప్పింది. "ఇది మత్తెక్కడానికి కాదమ్మా, మత్తు మీదికి ఒళ్ళు లాగకుండా పట్టి ఉంచడానికి. రోజూ వేసుకోవాలి, వారం వారం వచ్చి మాతో మాట్లాడాలి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఆపితే మళ్ళీ ఆ పొడి దగ్గరికే పోతాడు. అలవాటు తప్పిన ఒళ్ళు పాత మోతాదుకి తట్టుకోదు, ఆ ఒక్కసారికే పోతాడు."

మందు పనిచేసింది. కోల్బీ బీన్స్ పులుసులో మొక్కజొన్న రొట్టె ముంచుకుని మూడేసి ముక్కలు తినసాగాడు. టైర్ల షాపులో పనికి కుదిరాడు. మూలన పడేసిన గిటారుకి తీగలు వేసుకున్నాడు. కానీ చర్చిలో పాటల జట్టు దగ్గరికి వెళితే పాస్టరు ఆర్లిస్ అడ్డం పడ్డాడు.

"ఒక సంకెల తీసి ఇంకో సంకెల తగిలించుకున్నావు తమ్ముడూ. పూర్తి విడుదల పొందాక రా, అప్పుడు వాయిద్దువుగాని."

ఆ చర్చిలో విడుదల కావాలనుకున్నవాళ్ళు సిగరెట్ పెట్టెలూ నశ్యం డబ్బాలూ విస్కీ సీసాలూ తెచ్చి ముందున్న ప్రార్థన బల్ల మీద పెట్టేస్తారు. అది అక్కడి ఆచారం. ఒక ఆదివారం ఉదయం పాట సాగుతుండగా కోల్బీ లేచాడు. తలవంచుకుని వెళ్ళి, జేబులోంచి బిళ్ళల డబ్బా తీసి ఆ బల్ల మీద పెట్టాడు. సంఘమంతా హల్లెలూయ అంటూ చప్పట్లు కొట్టింది.

వెల్డాకి ఒళ్ళు మండిపోయింది. బెంచీ దాటుకుని విసవిసా ముందుకి నడిచింది.

"డబ్బా ఇచ్చెయ్యండి పాస్టరు గారూ."

పాస్టరు అప్పటికే డబ్బాని చేతిలోకి తీసుకున్నాడు. "బల్ల మీద పెట్టింది దేవుడిది సిస్టర్. తిరిగివ్వకూడదు."

"అలాగా! అయితే ముందు మీ బీపీ బిళ్ళలు పెట్టండి. ఏయ్ డెల్మర్, నీ షుగరు సూది జేబులోనే ఉందిగా, తెచ్చి పెట్టు!"

డెల్మర్ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "నాది జబ్బు వెల్డా!"

"మరి వాడిదేంటి, సరదానా?"

"అమ్మా, కూర్చోవే, పరువు పోతోంది" అన్నాడు కోల్బీ ఏడుపు గొంతుతో.

"పరువు పోతే పోనీరా, నువ్వుండు!" వెల్డా మళ్ళీ పాస్టరు వైపు తిరిగింది. "పోయినేడు టాన్సీ కూడా ఇక్కడే పెట్టింది ఇలాంటి బిళ్ళలే. నెల తిరక్కుండా ఆ పిల్లని పాతిపెట్టాం. గుండె ఆగిపోయిందని ప్రసంగం చెప్పారే, ఎందుకాగిందో చెప్పారా?"

పియానో ఆగిపోయింది. మూడో వరసలోంచి టాన్సీ నానమ్మ మిర్టిల్ చేతికర్ర ఆనించి లేచింది. ఆమెకి దారి ఇవ్వడానికి జనం కాళ్ళు ముడుచుకున్నారు. ముసలామె మెల్లిగా ముందుకి వచ్చి, పాస్టరు వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, డబ్బా తీసి వెల్డా చేతిలో పెట్టింది.

"వాడికి వెయ్యవే, ఇక్కడే వెయ్యి" అంది.

వెల్డా బిళ్ళ తీసి కొడుక్కి ఇచ్చింది. వాడు నాలుక కింద పెట్టుకుని నోరు మూసుకున్నాడు. మిర్టిల్ మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

"నా పిల్ల బిళ్ళలు పెట్టినప్పుడు నువ్వు నా పక్క బెంచీలోనే ఉన్నావు, అందరితో పాటు చప్పట్లు కొట్టావు. ఆవేళ ఈ నోరంతా ఏమైందే వెల్డా?"

వెల్డా కొడుకు మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ముసలామె ముందు తలవంచుకుని నిలబడిపోయింది.